రెండు పేర్ల శిష్యురాలు

ధ్యానమునకు వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 9:36–43



గడచిన పత్తితీత దినములలో ఒక శనివారము సాయంకాలమున, మైలవరము దాపుననున్న మన పల్లెలలో ఒకదానినుండి ఒక యౌవనస్థుడు మా యింటికి వచ్చెను. మరుసటి దినము ఆరాధనలో అతని ఆడుబిడ్డకు బాప్తిస్మము జరుగవలసియుండెను. రిజిస్టరులో వ్రాయుటకు బిడ్డ పేరేమని మేమడుగగా అతడు తలవంచుకొని కొంతసేపు ఊరకుండెను. తరువాత ఇట్లనెను:

“పేరు దగ్గరే ఇంట్లో తగవు వచ్చిందండి అయ్యగారూ. నేనూ మా ఇంటిదీ డోర్కస్ అని అనుకున్నాం. మా అమ్మ ఒప్పుకోవడం లేదు. చనిపోయిన వాళ్లమ్మ పేరే పెట్టాలంటుంది. ఆ పేరేమో పెనుగంచిప్రోలు అమ్మవారి పేరు. అది పెడితే దేవుడికి కోపమేమోనని నాకు భయం. పెట్టకపోతే మా అమ్మ అన్నం తినడం లేదు.”

అతడు మరల గడప దాటబోయి, వెనుకకు తిరిగి, ఇంకొక మాట అడిగెను: “ఇంకొకటండి, కోప్పడకండి. గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉంటే, అది అబద్ధమాడినట్టేనా?”

సహోదరులారా, ఆ రెండు ప్రశ్నలకును మేము అప్పుడే ఉత్తరమియ్యలేకపోతిమి. బాప్తిస్మమును ఒక వారము ఆపుదమని చెప్పి అతనిని పంపివేసితిమి. ఆ వారమంతయు మేము ఎక్కువగా చదివినది, తలపోసినది, ఆ యౌవనస్థుడు కోరిన దొర్కా అను పేరును గూర్చియే. ఆ ధ్యానమే ఈ నెల మీ ముందుంచుచున్నాము.

దొర్కా గ్రీకు పేరు. గ్రీకు భాషలో ఆ మాటకు జింక అని అర్థము. మోషే ధర్మశాస్త్రమును యూదులు గ్రీకులోనికి త్రిప్పుకొన్నప్పుడు, తినదగిన జంతువుల పట్టికలో (ద్వితీ. 14:5) జింకకు ఈ మాటనే వాడిరి. గ్రీకులు దీనిని ‘చూచుట’ అను అర్థముగల తమ క్రియాపదముతో కలిపి చెప్పుకొనెడివారు. జింకకు పెద్దవియు మెరయుచున్నవియునైన కన్నులు కలవు గదా! మన పెద్దలును అందమైన కన్నులుగల పిల్లను లేడికన్నులదనియు హరిణాక్షియనియు పిలిచిరి. ఆడుపిల్లలకు హరిణి అని పేరు పెట్టుట మన దేశములో నేటికిని కలదు. కృష్ణజింక మన ఆంధ్రప్రదేశపు రాష్ట్ర జంతువు. కాబట్టి దొర్కా అను పేరు చెవికి పరదేశపుదిగా వినబడినను, దానిలోని తలంపు మన పొలము గట్టున పుట్టిన తలంపు వంటిదే.

అయితే యొప్పేలోని ఆ శిష్యురాలికి అది రెండవ పేరు. మొదటి పేరు తబితా. అది అరామిక్ భాషలోనిది. ఆ దేశపు సామాన్య జనులు ఇంటను బయటను మాటలాడినది ఆ భాషయే. తబితా అనినను జింకయే. యూదా రాజైన యోవాషు తల్లి పేరు జిబ్యా అని చదువుచున్నాము (2 రాజులు 12:1). అదియు హెబ్రీలో అదే జంతువు పేరు. యొప్పే సముద్రతీరపు రేవుపట్టణము. ఓడలును వర్తకులును వచ్చిపోవు ఆ చోట గ్రీకు మాటలాడువారు అనేకులుండిరి. బజారులోని వారికి ఆమె దొర్కా, తల్లి ఒడిలో తబితా అయియుండునని తలంచుట న్యాయమే. లూకా రెండు పేర్లను వ్రాసి, ఒకటి రెండవదాని అర్థమని మనకు తెలియజేసెను. ఒకదానిని సిగ్గుపడి దాచలేదు. రెండవదానిని గొప్పచేసి చూపలేదు.

ఇంకొక సంగతి. క్రొత్త నిబంధన గ్రీకు మూలములో ‘శిష్యుడు’ అను మాట అనేక పర్యాయములు వచ్చును. కాని ‘శిష్యురాలు’ అను స్త్రీవాచకము ఒక్క తావుననే వచ్చును, అది ఈమెను గూర్చియే. ప్రభువును వెంబడించిన స్త్రీలు ఎందరో యుండగా, ఆ మాట యొప్పేలో బట్టలు కుట్టిన ఈ స్త్రీకి దక్కినది. సెమినరీలో గ్రీకు నేర్చుకొను దినములలో మా ఉపాధ్యాయుడు దీనిని చూపినప్పుడు మేము దానిని ఒక వ్యాకరణ విశేషముగా పుస్తకములో వ్రాసికొంటిమి. దానిలోని భారము మాకు తెలియుటకు చాల సంవత్సరములు పట్టినది.

ఇచ్చట మేము మా తప్పిదమొకటి మీ యెదుట ఒప్పుకొనవలసియున్నది.

పదునెనిమిది సంవత్సరముల క్రిందట, సేవలో క్రొత్తగా ప్రవేశించిన దినములలో, వేరొక గ్రామములో డెబ్బది యేండ్ల ముసలమ్మ బాప్తిస్మము కోరెను. ఆమెకును పెనుగంచిప్రోలు అమ్మవారి పేరే. ఆ మెట్ట ప్రాంతములో తిరుపతమ్మ అను పేరు లేని వీధి యుండునా? మేము ఆ పేరు తగదని చెప్పి, ఆమెను అడుగకయే దొర్కమ్మ అని పేరు పెట్టితిమి. ఆమె ఎదురు చెప్పలేదు. “మీరు ఎట్లంటే అట్లేనయ్యా” అనెను. పేరు పెట్టిన మమ్మును మేమే మెచ్చుకొంటిమి.

ఆ అవ్వ పాత చీరలు ప్రోగుచేసి బొంతలు కుట్టెడిది. కూలికి పోలేని వయస్సు వచ్చినది మొదలు అదే ఆమె పని. పురిటింటికి ఒక బొంత, తల్లిలేని పిల్లలకు ఒక బొంత, ఎవరును రాని ఇంటికి ఒక బొంత. ఎవరు దుప్పటి లేక వణకుచున్నారో ఆమెకు ముందుగా తెలిసెడిది. పల్లెలో పిల్లలు ఆమెను బొంతలవ్వ అని పిలిచిరి. ఆరాధనలో మేము దొర్కమ్మా అని పిలిచినప్పుడు మాత్రము ఆమె ప్రక్కనున్నవారు మోచేతితో పొడిచి, “నిన్నేనే” అని చెప్పవలసివచ్చెడిది. మేము దానిని ముసలితనపు చెవుడని తలంచితిమి.

నాలుగు సంవత్సరములకు ఆమె మరణపడకపై నుండెను. మేము వెళ్లి ప్రక్కను మోకరించి, దొర్కమ్మా, దొర్కమ్మా అని ముమ్మారు పిలిచితిమి. ఆమె కన్ను తెరవలేదు. అప్పుడు ఆమె కూతురు వంగి చెవిలో, తల్లిదండ్రులు పెట్టిన పేరుతో మెల్లగా పిలిచెను. అవ్వ కన్నులు తెరచెను. మమ్మును చూచి నవ్వెను. ప్రార్థన చేసితిమి, చివర ఆమేన్ అనెను. ఆ రాత్రియే ప్రభువునందు నిద్రించెను.

ఇంటికి తిరిగి నడచుచు మేము పేతురును జ్ఞాపకము చేసికొంటిమి. లుద్దలోనున్న అతనియొద్దకు ఇద్దరు మనుష్యులు పరుగున వచ్చి పిలువగా అతడు యొప్పేకు పోయెను. మేడగదిలోనుండి అందరిని వెలుపలికి పంపి, మోకాళ్లూని, శవము వైపు తిరిగి పిలిచెను. ఏ పేరున పిలిచెను? దొర్కా అని కాదు, తబితా అని (9:40). పేతురు గలిలయవాడు, తన ఇంటి భాషలోనే ఆమెను ఆమె ఇంటి పేరుతో పిలిచెను. మరణము అంచునుండి ఆమెను త్రిప్పిన పిలుపు ఆమె తల్లి పిలిచిన పిలుపే. మేము సెమినరీలో గ్రీకు చదివి, గ్రీకు పేరు తెచ్చి, ఒక ముసలమ్మ చెవిలో వేసితిమి. ఆమెను ఎరిగిన కాపరి మాత్రము ఆమెను ఆ పేరు పెట్టకమునుపే ఎరిగియుండెను. తన గొఱ్ఱెలను పేరుపేరున పిలుచు కాపరిని గూర్చి యోహాను సువార్త 10వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ కాపరి మన రిజిస్టరు చూచి పిలుచునా?

అయితే దేవతల పేర్లు క్రైస్తవులకు తగునా అని మీలో కొందరు అడుగుదురు. ఆ యౌవనస్థుని భయమును అదియే. మేము ఆ వారము రోమా పత్రిక 16వ అధ్యాయము మరల చదివితిమి. అందులో పౌలు మొట్టమొదట పేర్కొనిన స్త్రీ కెంక్రేయ సంఘములో పరిచారము చేసిన ఫీబే. ఫీబే అనగా ప్రకాశించునది. గ్రీకుల పురాణములలో అది ఒక దేవత పేరు. అపొల్లో పేరు అపొల్లో దేవుని పేరునుండి కలిగినది. పౌలునకు చెరలో పరిచర్య చేసి ప్రాణముమీదికి తెచ్చుకొనిన ఎపఫ్రొదితు పేరు అఫ్రొదితే దేవత పేరునుండి వచ్చినది. హెర్మే అను సహోదరునిది హెర్మే దేవుని పేరే. పౌలు విగ్రహములకు విరోధముగా ఎంత తీవ్రముగా మాటలాడెనో మనకు తెలియును. అయినను ఆ సహోదరులలో ఎవని పేరును మార్చుమని అతడు వ్రాయలేదు. ఫీబే చేసిన సహాయమును చెప్పి, ఆమెకు కావలసిన ప్రతి విషయములోను తోడ్పడుమని రోమావారిని కోరెను. తల్లిదండ్రులు ప్రేమతో పెట్టిన పేరును ప్రభువు తన రక్తముతో కడిగి వాడుకొనెనేగాని పారవేయలేదు.

అంత దూరము పోనేల? మన ప్రాంతమునందలి సువార్త చరిత్రను చూడుడి. మాలపల్లెలలో సువార్త వేరూనుటకు మొదటి విత్తనమైనవాడు నందిగామ ప్రాంతములోని రాఘవాపురపు పాగోలు వెంకయ్య. 1859లో డార్లింగు దొరగారి చేత బాప్తిస్మము పొందెను. ఆయన వెంబడి ఊరూర జనులు ప్రభువునొద్దకు వచ్చిరి. వెంకయ్య అను పేరు వేంకటేశ్వరుని పేరే గదా! ఆయన వెంకయ్యగానే జీవించి, 1891లో వెంకయ్యగానే ప్రభువునొద్దకు చేరెను. మన కీర్తనలలో అనేకములు వ్రాసిన పురుషోత్తమ చౌదరిగారును తమ పేరుతోనే కడవరకు నుండిరి. ఆ పేర్లు వారి విశ్వాసమును తగ్గించినవా? తగ్గించినచో నేడు మనము ఈ గుడిలో కూర్చుండి యుండుదుమా?

ఇంతమాత్రముచేత బైబిలు పేర్లు వద్దని మేము చెప్పుటలేదు. పేరుపెట్టి పిలువబడని వారికి, పెట్టినను దొరలు సగము కోసి నీచముగా పిలిచిన వారికి, ఒక మార్తమ్మ, ఒక దానియేలు, ఒక దొర్కమ్మ అను పేరు ఎంత గౌరవము నిచ్చినదో మన తాతలు ఎరుగుదురు. పూర్వము మన పల్లెలలోని పిల్లలకు పెంటయ్య, పుల్లయ్య అను పేర్లు ఏల పెట్టిరో, వారిని పెద్దలు ఏమని పిలిచిరో మీరు ఎరుగనిది కాదు. గ్రంథములోనుండి వచ్చిన పేరు ఆ నోళ్లను మూయించినది. అది దాస్యమునుండి విడుదలకు ఒక గురుతైనది. మా తప్పిదము దొర్కా అను పేరు పెట్టుటలో లేదు. అడుగక పెట్టుటలోను, అవ్వ మోసిన పేరును తృణీకరించుటలోను కలదు.

పేరును మాత్రమే నమ్ముకొనువారికి ఒక హెచ్చరికయు నున్నది. యూదుల చరిత్రకారుడైన జోసీఫసు, రోమీయులతో యూదులు చేసిన యుద్ధమును వ్రాయుచు, యోహాను అను ఒకని సంగతి చెప్పెను. యెరూషలేములో కలహకారులు చెరసాలలో పెట్టిన గొప్పవారిని చంపుటకు వీనిని పదిమందితో కూడ పంపిరి. వారందరిలో మిక్కిలి క్రూరుడని వీనికి పేరు. స్వదేశ భాషలో వీనిని జింక కుమారుడని పిలిచెడివారనియు, గ్రీకులో అది దొర్కా కుమారుడనియు జోసీఫసు చెప్పుచున్నాడు. అదే దేశము, అదే శతాబ్దము, అదే పేరు. యొప్పేలో ఆ పేరు విధవరాండ్రకు అంగీ ఆయెను; యెరూషలేములో ఆ పేరు చేత ఖడ్గము పట్టెను. బ్రదుకుచున్నదను పేరుండియు చచ్చియున్న సార్దీసు సంఘమును గూర్చి ప్రకటన 3:1లో ప్రభువు చెప్పిన గద్దింపు మనకును చెల్లును. మన ఇండ్లలో యోహానులు, పౌలులు, దొర్కాలు ఎందరో యున్నారు. పేరు వంటి నడత యున్నదా అని ఎవరికి వారే ఇంటికి పోయి పరీక్షించుకొనవలెను.

ఇక రెండవ ప్రశ్న. గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు, అది అబద్ధమా?

ఈ ప్రశ్న మన పల్లెలలో ఏల పుట్టినదో చెప్పకుండుట పిరికితనము. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందూ మతము తప్ప వేరు మతము అవలంబించిన వారిని షెడ్యూల్డు కులస్థులుగా ఎంచరాదని చెప్పెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అందులో చోటు కలిగెను, క్రైస్తవులకు కలుగలేదు. మన రాష్ట్రములో 1970లో వెనుకబడిన తరగతుల జాబితా చేసినప్పుడు, షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని ‘సి’ గుంపులో చేర్చి ఒక్క శాతము కేటాయించిరి. తండ్రి పడిన అవమానము బాప్తిస్మపు నీళ్లతో పోలేదు. అదే పల్లె, అదే కూలి. కాని కాగితము మీద మాత్రము పోయినదనిరి. కాబట్టి అనేకులు బడిలో ఒక పేరు వ్రాయించి, గుడిలో వేరొక పేరుతో పిలుచుకొనిరి. పేర్లు కలియక, పెండ్లి రిజిస్టరులో ఒకటి, ఆధారు కార్డులో మరియొకటి యుండి, పింఛనుకొరకు తిరుగు విధవరాండ్రను మేమెరుగుదుము.

దీనిని గూర్చి మా మనస్సాక్షికి తోచినది చెప్పెదము. రెండు పేర్లుండుట పాపము కాదు. దానియేలునకు బబులోనులో బెల్తెషాజరు అని పేరు పెట్టిరి, ఎస్తేరు ఇంటిలో హదస్సా, పౌలు సౌలుగా నుండెను, పేతురు కేఫాయే. తబితా దొర్కాయే. బబులోను పెట్టిన పేరు దానియేలును బబులోనువానిగా చేయలేదు. అతడు కిటికీ తెరచి ముమ్మారు ప్రార్థించుట మానలేదు. పేరు దాచుట వేరు, ప్రభువును దాచుట వేరు. నీవెవనివాడవని ఎవరైనను నేరుగా అడిగినప్పుడు, ప్రభువును ఎరుగనని చెప్పితివా, అది పేతురు కోడి కూయకమునుపు చేసిన పాపమే. అక్కడ పేరు కాదు, నోరు తప్పిపోయినది. చేవ్రాలు చేయు కాగితము మీద నిజము కానిది నిజమని వ్రాయుటయు అబద్ధమే. దానిని మేము నీతియని దిద్దలేము.

కాని మరియొక మాటయు చెప్పకతప్పదు. బీదవానిని తన ప్రభువునకును తన బిడ్డ చదువునకును నడుమ నిలువబెట్టి ఒకటి కోరుకొమ్మనుట న్యాయమా? ఆ నిర్బంధమును పెట్టినవారి పాలు దేవుని లెక్కలో ఉండదా? మంచి జీతము, పట్టణములో ఇల్లు గలవారు ప్రసంగపీఠము నుండి ఇట్టి తల్లిదండ్రుల మీద రాయి వేయుట మేము చూచితిమి. వేయువారు ముందు ఆ బిడ్డ ఫీజు కట్టి, తరువాత వేయుదురుగాక. మేమైతే ఆ రాయి పట్టుకొనజాలము.

ఇప్పుడు దొర్కా మేడగదికి మరల పోవుదము. పేతురు వచ్చినప్పుడు ఆమె మంచితనమును గూర్చి ఎవరును ఉపన్యాసమియ్యలేదు. విధవరాండ్రందరు ఏడ్చుచు, ఆమె తమతో కూడ నున్నప్పుడు కుట్టిన అంగీలను, పైబట్టలను చూపిరి (9:39). ఆమె పేరు ఆ కుట్టులో నుండెను. మనకు సమీపమున జగ్గయ్యపేట యున్నది. ఆ ఊరి పేరే వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య జ్ఞాపకార్థము పెట్టినది. ఆ ఊరి దాపుననున్న బౌద్ధస్తూపముయొద్ద, ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలమున, సిద్ధార్థుడను శిల్పి రాతిస్తంభములు ఇచ్చి, తన తల్లి పేరును, భార్య పేరును, బిడ్డల పేర్లను వాటి మీద చెక్కించెను. పదునేడువందల సంవత్సరములైనను ఆ స్త్రీల పేర్లు చదువబడుచున్నవి. కన్నవారిని మరువని ఆ కుమారుని మేము గౌరవించుచున్నాము. అయితే దొర్కాకు రాయి లేదు. చినిగిపోవు బట్టయే ఆమె శాసనము. అయినను లోకమంతట ఆమెను ఎరుగని సంఘము లేదు.

19వ శతాబ్దమున ఇంగ్లాండులోను అమెరికాలోను స్త్రీలు ఆమె పేరట దొర్కా సంఘములు పెట్టి, బీదలకు బట్టలు కుట్టి పంచిరి. మన స్త్రీల మైత్రి కూటములకును ఆ దీపమునుండి వెలుగు కొంత వచ్చినదే. అది మంచి పని. కాని ఇటీవల మేమొకటి చూచుచున్నాము. క్రిస్మసు దినములలో ఫ్లెక్సీ కట్టి, దానిమీద దాత ముఖమును పేరును పెద్దగా వేసి, విధవరాండ్రను వరుసలో నిలువబెట్టి, చీర చేతిలో నుండగానే ఫోటో తీయుచున్నారు. చీర పుచ్చుకొనిన స్త్రీ పేరు ఎవరికిని తెలియదు, అడిగినవారును లేరు. దొర్కా అట్లు చేయలేదు. ఆమె వారితో కూడ నుండెనని వాక్యము చెప్పుచున్నది. కొలత తీయవలెనన్న దగ్గరకు పోవలెను. దగ్గరకు పోయినచో పేరు తెలియును. మన పేరు బట్ట మీద వేయుటకంటె, బట్ట లేనివాని పేరు మనము నేర్చుకొనుట మేలు. జింకకు కన్నులు పెద్దవని చెప్పుకొంటిమి గదా! తన చుట్టునున్నవారిని చూచు కన్నులు ఆ శిష్యురాలికి నిజముగా కలవు.

ఆ కథ చివరి మాటను విడిచిపెట్టకుడి. దొర్కాను లేపిన తరువాత పేతురు యొప్పేలో అనేక దినములు ఎవరి యింట నుండెను? చర్మకారుడైన సీమోను ఇంట (9:43). చచ్చిన జంతువుల తోళ్లను ముట్టువారిని యూదులు హీనముగా చూచిరి. ఆ ఇంటిలోనే అపొస్తలుడు భుజించెను, నిద్రించెను. ఆ ఇంటి మిద్దెమీదనే అన్యజనులకు తలుపు తెరచు దర్శనమును చూచెను. మాదిగవాడయందు పుట్టిన మన సహోదరులు దీనిని మరువకుందురుగాక. లూకా ఆ సీమోనునకు గౌరవమైన మారుపేరొకటి పెట్టి, అతని వృత్తిని కప్పిపుచ్చలేదు. ఉన్నది ఉన్నట్లే వ్రాసెను. దేవుని గ్రంథములో అతడు తన పేరుతో, తన పనితో నిలిచియున్నాడు.

ఆ వారము గడచిన తరువాత మేము ఆ యింటికి వెళ్లితిమి. అవ్వ గుమ్మములో మిరపకాయలు తొడిమలు తీయుచుండెను. మేము ప్రక్కన కూర్చుండి, ఫీబేను గూర్చియు, రాఘవాపురపు వెంకయ్యగారిని గూర్చియు చెప్పి, “అమ్మా, మీ అమ్మగారి పేరు పెట్టినను దేవునికి కోపము లేదు. మీ ఇష్టము వచ్చిన పేరు చెప్పుడి, రేపు ఆ పేరే వ్రాసెదము” అంటిమి. మా పాత తప్పిదమును, బొంతలవ్వ సంగతియు ఆమెకు చెప్పితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత కొంగుతో కన్నులు తుడుచుకొని, “మా అమ్మ పేరు చెడ్డదన్నారని ఏడ్చానయ్యా, పెట్టలేదని కాదు. చెడ్డది కాదన్నారు, చాలు. పిల్లకు వాళ్లు కోరుకున్న పేరే పెట్టండి” అనెను. కొంత తడవునకు, “ఇంతకీ ఆ డోర్కస్ అంటే ఏంది అయ్యగారూ?” అని అడిగెను.

జింక అని చెప్పితిమి.

అవ్వ నవ్వెను. “అట్టా చెప్పరేం మరి! జింకపిల్లా!” అని ఉయ్యాలలోని మనుమరాలిని ఎత్తుకొనెను.

ఆదివారమున ఆ బిడ్డకు దొర్కా అని బాప్తిస్మమిచ్చితిమి. ఇంటిలో ఆమె జింకపిల్లయే. లూకా అరామిక్‌లోని పేరును గ్రీకులోనికి త్రిప్పెను. అక్షరము రాని మన అవ్వ గ్రీకులోని పేరును తెలుగులోనికి త్రిప్పెను. ఆ బిడ్డ పెద్దదై బడిలో ఏ పేరు చెప్పుకొనునో, ఏ కాగితము మీద ఏ పేరు వ్రాయబడునో మేమెరుగము. ఆమె చేతులు ఎవరికొరకైనను సూది పట్టునా, ఆమె కన్నులు ప్రక్కయింటి విధవరాలిని చూచునా అనునదియే మా ప్రార్థన. చూచినయెడల ఆమె తన పేరును మోసినట్లే. అప్పుడు ఆమెకు మూడవ పేరొకటి పల్లెవారే పెట్టుదురు, బొంతలవ్వకు పెట్టినట్లు.

తల్లి పెట్టిన పేరును ఎరిగిన దేవా, సంఘము పెట్టిన పేరును ఘనపరచు దేవా, మా చేతుల పని మాకు పెట్టు పేరు నీ యెదుట సిగ్గుపడనిదిగా చేయుము. నీవు పిలుచు దినమున, ఏ పేరున పిలిచినను, పలుకుటకు మమ్మును సిద్ధపరచుము. ఆమేన్.